ఎవరిదీ కాని స్థలానికి పన్ను

మిషన్ పేట,
10 ఫిబ్రవరి 2025

అత్తయ్య గారికి,

రూబీ వందనాలు. మొన్న ఫోన్ చేస్తే మీరు నన్ను గ్యాస్ కంపెనీ వాళ్లనుకుని "సిలిండర్ నిన్ననే వచ్చింది బాబూ" అని పెట్టేశారు. చెవి మెషీన్ సంగతి ఇక నేను ఎత్తను. ఉత్తరమే నయం. పైగా ఉత్తరంలో మీరు నన్ను మధ్యలో ఆపలేరు.

గురువారం పొద్దున్న మన ఇంటి ముందు డప్పు మోగింది. నేను కాలేజీకి తయారవుతున్నాను. ముందు ఎవరిదో పెళ్లి ఊరేగింపు అనుకున్నాను, తర్వాత ఎంతకీ కదలకుండా మన గేటు దగ్గరే మోగుతుంటే బయటికొచ్చాను. ఎదురింటి పోతురాజు గారు అప్పటికే తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేసి, "ఎవరు పోయారమ్మా?" అని మెల్లిగా అడిగారు. ఎవరూ పోలేదండీ, పన్ను పోయింది అని చెప్పడానికి నాకూ అప్పటికి తెలియదు.

మున్సిపాలిటీ వాళ్లట. డప్పులవాళ్లు ఇద్దరు, జిగురు డబ్బాతో ఒకతను, వార్డు సచివాలయంలో పనిచేసే ఆశాజ్యోతి అనే అమ్మాయి. మన ఇంటి పక్కన కాలవ వైపున్న ఖాళీ స్థలం గోడకి ఎర్ర కాగితం అంటించి, "కొండేటి సంపూర్ణమ్మ గారు ఖాళీ స్థలం పన్ను పంతొమ్మిదేళ్లుగా బాకీ" అని వీధంతా వినపడేలా చదివారు. మీ పేరు అంత గట్టిగా నేను ఎప్పుడూ వినలేదు అత్తయ్యా. మీకైనా వినపడేదేమో.

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లలో ఒక్క బిల్లు ఇచ్చారా? ఆ వైపు వీధి దీపం లేదు. మురిక్కాలవ తవ్వుతామని గీత గీసి వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు. ఇప్పుడు మాత్రం అసలుని మించిన వడ్డీతో డప్పేసుకుని వచ్చారు. "ఇన్నాళ్లూ ఏం చేశారండీ?" అంటే ఆశాజ్యోతి, "డ్రోన్‌తో సర్వే చేస్తే బయటపడిందండి మేడమ్" అంది. స్థలం ఏమన్నా దాక్కుందా!

కానీ కోపం తగ్గాక ఒక ప్రశ్న మిగిలింది, అది మున్సిపాలిటీ మీద కాదు. ఇన్నేళ్లూ ఈ పన్ను ఎవరు కడుతున్నారని అనుకున్నాం మనం? నాన్నగారున్నప్పుడు ఆయన కడుతున్నారనుకున్నాను. ఆయన పోయాక మీరు కాకినాడ నుంచి కడుతున్నారనుకున్నాను. ఎవరో ఒకరు కడుతున్నారన్న నమ్మకంతో పదేళ్లు గడిపేశాను, రోజూ ఆ స్థలం పక్కనుంచే నడుస్తూ.

మీ ఆధార్ జిరాక్స్ ఒకటి పంపండి. మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మా వారు భీమవరం నుంచి శనివారం వస్తూ రొయ్యలు తెచ్చారు, మీరు గుర్తొచ్చారు.

మీ రూబీ

కాకినాడ,
15 ఫిబ్రవరి

రూబీకి,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నీ ఉత్తరం నిన్న అందింది. మోకాళ్లు ఉన్నచోటే ఉన్నాయి. హార్బర్ నుంచి చేపలు తెచ్చే ఆవిడ వంజరం అని చెప్పి ఏదో అంటగట్టింది. నలభై ఏళ్లు నర్సు పని చేసినదాన్ని, మనిషి మొహం చూసి జబ్బు చెప్తాను గానీ చేప మొహం చూసి పేరు చెప్పలేకపోయాను.

ఆ స్థలం నాది కాదు. డప్పు కొట్టాల్సింది నా పేరు మీద కాదు. మా నాన్న దాన్ని నాకు రాసిచ్చినది నిజమే. నేను దాన్ని దేవుడికి ఇచ్చేశాను. దేవుడి దగ్గర్నుంచి మీ నాన్న కొనుక్కున్నాడు. పన్ను వాళ్లిద్దరిలో ఎవరినైనా అడగమను. ఇద్దరూ ఒక్కచోటే ఉన్నారు ఇప్పుడు.

ఆధార్ ఎందుకు? పన్ను కట్టడానికి ఆధార్ అడుగుతారని నేను ఎక్కడా వినలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో అడుగుతారని మాత్రం తెలుసు. నీకు ఆ స్థలం కావాలంటే కావాలని రాయి. నాతో నాజూకు మాటలొద్దు.

సంపూర్ణమ్మ

మిషన్ పేట,
20 ఫిబ్రవరి

అత్తయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. ఆధార్ అడిగింది సచివాలయంలో మీ ఫోన్ నంబరు ఎక్కించడానికి. బిల్లు మెసేజ్ మీకే వస్తుందని. అంతే అత్తయ్యా. వద్దంటే వద్దు.

కానీ అబద్ధం చెప్పను. మీరు ఆ మాట రాసినప్పటి నుంచి నన్ను నేనే అడుగుతున్నాను, నాకు ఆ స్థలం కావాలా అని. నాది కావాలని లేదు. వేరేవాళ్లది కాకూడదని ఉంది. ఎవరో కొని మూడంతస్తులు లేపితే మా వంటింటికి వెలుగు రాదు. దీన్ని ఆశ అనాలో భయం అనాలో తెలియడం లేదు. రెండిటికీ పెద్ద తేడా లేదేమో కూడా.

సోమవారం గ్రీవెన్స్‌కి మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాను. అరగంట క్యూలో నిలబడి నేను ఘాటుగా తయారుచేసుకున్న మాటలన్నీ, వీధి దీపం, మురిక్కాలవ, రాని బిల్లులు, ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని విని "రాసివ్వండి" అన్నారు. రాసిచ్చాను. వడ్డీలో కొంత తగ్గింపు రావచ్చట, అదీ మార్చి ముప్పై ఒకటి లోపల మొత్తం కట్టేవాళ్లకి. ఆ తేదీ దాటితే స్థలం స్వాధీనం చేసుకుని వేలం వేస్తారు. ఆశాజ్యోతి బయటికొచ్చి, "మేడమ్, ఏమనుకోకండి, ఈసారి ఊరికే బెదిరింపు కాదండి. మీ వీధిలో మీదే పెద్ద బాకీ" అంది. మాది కాదమ్మా అనబోయాను. మరి ఎవరిది అంటే?

అందుకే అడుగుతున్నాను, కోపం వద్దు. దేవుడికి ఇవ్వడం అర్థమైంది. దేవుడి దగ్గర కొనడం ఏంటి? అప్పుడు నేను విశాఖపట్నంలో యూనివర్సిటీలో ఉన్నాను. మీరు హఠాత్తుగా కాకినాడ వెళ్లిపోయారని తెలుసు, ఎందుకని అడిగితే అమ్మ "అక్కడ ఉద్యోగం బాగుంది" అంది. నేను నమ్మేశాను. చరిత్ర పాఠం చెప్పేదాన్ని, మా ఇంటి చరిత్ర మాత్రం ఎవరినీ రెండోసారి అడగలేదు.

మీ రూబీ

కాకినాడ,
26 ఫిబ్రవరి

రూబీకి,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. మళ్లీ అడగకు.

మీ నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు నేనే ఆస్పత్రిలో కూర్చున్నాను. కుడి చెయ్యి, మాట, రెండూ పోయాయి. ఎంతమంది అలాంటివాళ్లని చూశానో, ఎవరు లేస్తారో ఎవరు లేవరో నాకు తెలుసు. వాడు లేవడనే అనుకున్నాను. ఆ రాత్రి మొక్కుకున్నాను, తమ్ముడు లేచి నడిస్తే నాకున్నది ఇచ్చేస్తాను ప్రభువా అని. నాకున్నది ఆ స్థలం ఒక్కటే. రెండు గదులు వేసుకోమని మా నాన్న ఇచ్చింది.

వాడు లేచాడు. కోత పండుగ వచ్చింది. నీకు తెలుసుగా, మన గుడిలో ఆ రోజు ఎవరికి తోచింది వాళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, కోడిపుంజులు, బూరెలు. ఆరాధన అయ్యాక అన్నిటికీ వేలంపాట, వచ్చిన డబ్బు గుడికి. నేను స్థలాన్ని మోసుకెళ్లలేను కదా. స్టీలు కంచంలో ఆ మట్టి పోసుకుని, తెల్ల గుడ్డ కప్పి, బల్ల మీద పెట్టి, సంఘం ముందు చెప్పాను, ఇది నా మొక్కుబడి, కాలవ వైపు స్థలం దేవుడిది అని. కొంతమంది ఏడ్చారు కూడా.

బల్ల మీద పెట్టింది ఏదైనా పాటలో పెట్టాల్సిందే అని పెద్దలు అన్నారు. సరే పెట్టండి, ఎవరైనా మంచి రేటుకి కొంటే గుడికి పై కప్పు పడుతుంది అనుకున్నాను. ఎవరు లేచారో తెలుసా? మీ నాన్న. ఆ వంకర నోటితో "పదకొండు వందలు" అన్నాడు. జబ్బు చేశాక జనం మధ్య వాడు అన్న మొదటి మాట అదే. కోడిపుంజు దానికంటే ఎక్కువ పలికింది ఆ రోజు. ఇంటివాళ్లు పాడితే పైన ఎవరూ పాడరు, అది మన సంఘంలో మర్యాద. అందరూ నవ్వుతూ చప్పట్లు కొట్టారు. కంచం వాడి చేతికిచ్చారు.

నా మొక్కుని పదకొండు వందలకి కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ నెలలోనే కాకినాడ ఆస్పత్రిలో పని చూసుకున్నాను.

వేలం వేస్తే వెయ్యనీ. దానికి వేలం కొత్త కాదు.

సంపూర్ణమ్మ

మిషన్ పేట,
3 మార్చి

అత్తయ్య గారికి,

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మళ్లీ అడగవద్దన్నారు కాబట్టి అడగను. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి.

ఆశాజ్యోతిని ఇవాళ అడిగాను, ఓనర్ కాకుండా వేరేవాళ్లు కట్టొచ్చా అని. "ఎవరైనా కట్టొచ్చండి. ఎవరు కట్టినా రికార్డులో పేరు మారదు. మాకు పన్ను పడితే చాలు" అంది. అయితే నేను కట్టేస్తాను అత్తయ్యా. కాలేజీ నుంచి పీఎఫ్ లోను తీసుకుంటాను. స్థలం మీ పేరు మీదే ఉంటుంది. తర్వాత మీరు దేవుడికిస్తారో, గుడికిస్తారో, గాలికిస్తారో మీ ఇష్టం. ముందు గడువు దాటకుండా చూద్దాం.

కాగితం ప్రకారం అది ఎప్పుడూ మీదే. గుడివాళ్లు రాయించుకోలేదు, నాన్నగారూ రాయించుకోలేదు. కొన్నవాడు పేరు ఎందుకు మార్చుకోలేదు? ఇది నాకు అర్థం కావడం లేదు. ఆశపడి కొంటే ముందు చేసే పని అదే కదా.

మీ రూబీ

కాకినాడ,
8 మార్చి

రూబీ,

కట్టకు. మీ నాన్న పదకొండు వందలకి కొన్నాడు, నువ్వు లోనుకి కొంటావా? తండ్రీకూతుళ్లకి ఇదే పనా? నా పేరు మీద ఒక్క రూపాయి కట్టావంటే నీ ఇంటి గడప తొక్కను. ఇప్పుడు మాత్రం తొక్కుతున్నానా అనకు.

సంపూర్ణమ్మ

మిషన్ పేట,
13 మార్చి

అత్తయ్య గారికి,

కట్టలేదు. కట్టను. ఈ ఉత్తరం మాత్రం చివరిదాకా చదవండి.

కొన్నవాడు పేరు ఎందుకు మార్చుకోలేదన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఆదివారం గుడి అయ్యాక విజయ్ పాల్ గారింటికి వెళ్లాను. అప్పట్లో సంఘం ట్రెజరర్ ఆయనే కదా, ఆ రోజు పాట పాడించింది కూడా ఆయనే. ఇప్పుడు కళ్లకి శుక్లాల ఆపరేషన్ అయ్యి నల్ల కళ్లద్దాలతో వరండాలో కూర్చుంటున్నారు. నన్ను గొంతుతో గుర్తుపట్టారు. "మీ నాన్న గొంతేనే నీది, కాకపోతే నీకు మాట తిన్నగా వస్తది" అని నవ్వారు.

ముందు పన్ను సంగతి అడిగాను. "గుడివాళ్లు ఎందుకు కట్టలేదు మాస్టారూ?" అన్నాను.

"మాదైతే కడతాం. పాటలో పోయిందిగా. కోడిని అమ్మేశాక మేత ఎవడు వేస్తాడే?"

"మరి నాన్నగారు?"

 దానికి ఆయన చెప్పినది నేను వీలైనంత అలాగే రాస్తున్నాను, నా మాట కలపకుండా.

"నేనే తిట్టాను మీ నాన్నని. ఏరా, దేవుడికిచ్చినదాన్ని పదకొండు వందలకి పాడతావా, సిగ్గులేదా అన్నాను. వాడికి మాట సరిగ్గా వచ్చేది కాదు, నాకు అలవాటు కాబట్టి తెలిసేది. ఏమన్నాడో తెలుసా? 'అక్కకి పెళ్లి లేదు, పిల్లల్లేరు. నా కోసం ఉన్నది కాస్తా ఇచ్చేసింది. రేపు ముసలిదైతే ఎక్కడుంటదిరా? దేవుడికి డబ్బిచ్చాను. మట్టి అక్కకి ఉంచాను' అన్నాడు. పదకొండు వందలేంట్రా అంటే, 'జేబులో అంతే ఉంది' అన్నాడు."

పన్ను ఎందుకు కట్టలేదని మళ్లీ అడిగాను. ఇక్కడ ఆయన నా వైపు తిరిగారు, నల్లద్దాల వెనక ఏముందో కనపడలేదు.

"అదీ అడిగానే. 'నా చేత్తో కడితే నాదైపోద్ది. రేపు నా పిల్లలు రసీదులు పట్టుకుని మా అక్క మీదకి వెళ్తారు. కట్టను' అన్నాడు."

నా పిల్లలు అంటే నేనే అత్తయ్యా. ఆయనకి ఉన్నది నేనొక్కదాన్నే. ఇంటికొచ్చేదాకా అదే తిరిగింది తలలో. నన్ను పల్లెత్తు మాట అనని మనిషి, మిమ్మల్ని నా నుంచి కాపాడారు. బాధపడ్డాను. తర్వాత మీ ఆధార్ నేను అడిగిన తీరు, వంటింటి వెలుగు గురించి నేను రాసినది గుర్తొచ్చి, ఆయన మరీ తప్పుగా అనుకోలేదేమో అని కూడా అనిపించింది. ఏది నిజమో నాకు తెలియదు. రెండూ కావచ్చు.

ఆశాజ్యోతి చెప్పిన మాట ప్రకారం ఆయన భయానికి అర్థమే లేదు. ఎవరు కట్టినా పేరు మారదు. ఆ ఒక్క మాట ఆయన ఎవరినీ అడగలేదు. మీరు ఇచ్చేశాను కదా అని కట్టలేదు, గుడివాళ్లు అమ్మేశాం కదా అని కట్టలేదు, ఆయన నాది కాకూడదని కట్టలేదు. మున్సిపాలిటీ వాళ్లు డప్పు కొట్టింది ఎవరూ ఎగ్గొట్టని బాకీ గురించి. ఇది ఆ కుర్చీ పెద్దాయనకి రాసివ్వమంటే ఎలా రాసివ్వాలో నాకు తెలియదు.

"మరి అక్కకి ఎందుకు చెప్పలేదు?" అన్నాను. "ఎలా చెప్తాడే? ఫోన్లో వాడు మాట్లాడితే మామూలు చెవులవాళ్లకే తెలీదు, ఆవిడకేం తెలుస్తది? రాద్దామంటే చెయ్యి లేదు. నేను రాసిపెడతాను రా అంటే, 'వద్దు, పండక్కి వస్తదిగా, అప్పుడు తీసుకెళ్లి చూపిస్తాను' అనేవాడు. ప్రతి పండక్కీ అదే మాట."

మీరు వచ్చింది ఆయన్ని సమాధి చేసిన రోజు. సాయంత్రం బస్సుకే వెళ్లిపోయారు.

మీ రూబీ

మిషన్ పేట,
22 మార్చి

అత్తయ్య గారికి,

జవాబు లేదు. ఉత్తరం అందలేదో, అంది కోపం వచ్చిందో తెలియక రోజూ గేటు దగ్గర పోస్టుమ్యాన్ కోసం చూస్తున్నాను. నేను రాయకుండా ఉండాల్సిందా? మీరు పంతొమ్మిదేళ్లు ఒకరకంగా సర్దుకున్న మనసుని నేను వెళ్లి కదిలించానేమో. తెలుసుకోవాలనే నా కుతూహలానికి మీరు బాధపడాలా?

నిన్న ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని స్థలం కొలుచుకుని వెళ్లారు. మున్సిపాలిటీ వాళ్లు కాదు. వేలానికి ముందే చూసుకోవడానికి వచ్చామన్నారు.

ఒక్క కార్డు ముక్క రాయండి. తిడుతూ అయినా సరే.

రూబీ

కాకినాడ,
25 మార్చి

రూబీ తల్లికి,

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది అందిన రోజే రాద్దామని కూర్చున్నాను, రాలేదు. తర్వాత రోజు కూడా రాలేదు. ఈ వయసులో ఒక మనిషి మీద కోపం తీసేస్తే ఆ చోట ఏం పెట్టుకోవాలో తెలియదు. నీకు తెలిస్తే చెప్పు, చదువుకున్నదానివి.

ఇక్కడి పాస్టరు గారిని అడిగాను. దేవుడికి ఇచ్చినది మళ్లీ నేను తీసుకోవచ్చా అని. చిన్నవాడు, అటు చెప్పి ఇటు చెప్పి, చివరికి ప్రార్థన చేద్దాం అన్నాడు. చేశాం. నేనే ఆలోచించుకున్నాను. మా నాన్న ఇచ్చిన స్థలం నేను ఇచ్చేశాను. అది అయిపోయింది, మొక్కు తీరింది. దేవుడు దాన్ని పదకొండు వందలకి అమ్ముకున్నాడు, గిట్టుబాటు అయ్యిందో లేదో ఆయన చూసుకుంటాడు. ఇప్పుడు అక్కడున్నది మా నాన్న ఇచ్చింది కాదు. నా తమ్ముడు జేబులో ఉన్నదంతా పెట్టి నాకు కొనిపెట్టింది. ఆడబిడ్డకి పుట్టింటివాళ్లు ఇచ్చిన స్థలం.

వాడి మీద కోపం పూర్తిగా పోయిందని రాయను. చెయ్యి లేకపోతే కాలు లేదా? బస్సెక్కి రావచ్చు కదా. నేనూ ఎక్కొచ్చు కదా అంటావు. అనకు.

నువ్వు ఆశపడ్డావా లేదా అని నన్ను తీర్పు చెప్పమనకు. మనిషన్నాక పక్క స్థలం వైపు చూస్తాడు. చూసినదాన్ని చూశానని రాశావు, అది చాలు నాకు. మీ నాన్నకి ఆ సంగతి తెలిసే వీలు లేకపోయింది.

పెన్షన్ డబ్బు బ్యాంకులో తీశాను. నువ్వు ఒక్క రూపాయి కూడా కలపొద్దు. వడ్డీ గురించి మాత్రం నేను ఊరుకోను. వీధి దీపం లేని చోటికి వడ్డీ ఏంటో ఆ కుర్చీలో పెద్దాయన నాకు చెప్పాలి. గట్టిగా చెప్పమను, నాకు వినపడదు కాబట్టి ఎన్నిసార్లయినా చెప్పించుకుంటాను.

శుక్రవారం ఇరవై ఎనిమిదిన పొద్దున్న బస్సుకి వస్తున్నాను. నువ్వు బస్టాండుకి రావద్దు, కాలేజీ మానొద్దు. నేను ముందు ఇంటికి రాను, తిన్నగా మున్సిపల్ ఆఫీసుకి వెళ్తాను. నా పేరు మీద, నా చేత్తో కట్టి, ఆ తర్వాతే నీ గేటు తీస్తాను.

మీ అత్తయ్య